అత్తయ్య ముగ్గులు, నా లినో పలక

ఈసారి వంటల గురించి కాదు, పిల్లల పరీక్షల గురించీ కాదు. నలభై ఆరేళ్ల వయసులో నేను కొత్తగా పట్టుకున్న ఒక చేతిపని గురించి రాస్తున్నాను. దాని పేరు లినోకట్. పేరు చూసి భయపడకండి. మెత్తటి పలక మీద చిన్న ఉలితో బొమ్మ చెక్కి, రంగు పూసి, పైన కాగితం వేసి రుద్దితే ఆ బొమ్మ కాగితం మీదికి దిగుతుంది. చిన్నప్పుడు బెండకాయని అడ్డంగా కోసి, సిరాలో ముంచి, నోటుపుస్తకాల నిండా పువ్వులు అచ్చేసినవాళ్లమే కదా మనమంతా. ఇది ఆ బెండకాయ పువ్వుకి పెద్దక్క అనుకోండి.

దీన్ని మా ఇంటికి తెచ్చింది మా చెల్లెలి కూతురు. హైదరాబాదులో బొమ్మల చదువు చదువుతోంది. దసరా సెలవులకి చిట్టమూరు వచ్చి నాలుగు రోజులుంది. వసారాలో కూర్చుని ఏదో గీకుతుంటే పక్కన చేరాను. "పెద్దమ్మా, నువ్వూ చెయ్యి, అప్పచ్చులు ఒత్తేదానివి, ఇదెంత" అంది. వెళ్లేటప్పుడు ఒక ఉలి, రెండు పలకలు నాకు వదిలేసి వెళ్లింది. మిగతా సామాను తర్వాత తెప్పించుకున్నాను. అంతా కలిపి వెయ్యి రూపాయల లోపే.

ముందు ఈ పలక సంగతి చెప్పాలి. తెలుగు బీఏ చదివినదాన్ని కదా, పేరు ఎక్కణ్నుంచి వచ్చిందో చూడనిదే నాకు నిద్రపట్టదు. లాటిన్‌లో అవిసెకీ నూనెకీ ఉన్న మాటలు రెండూ కలిస్తే లినోలియం. అవిసె నూనెని గాలి తగిలేలా ఉంచి చిక్కబరచి, అందులో కార్కు పొడి కలిపి, గోనెగుడ్డ మీద మందంగా పరిస్తే ఈ షీటు తయారవుతుంది. 1860లలో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆయన దీన్ని కనిపెట్టింది బొమ్మల కోసం కాదు, నేల మీద పరవడానికి. మెత్తగా, ఏ దిక్కుకైనా కోతకి లొంగేలా ఉంది కాబట్టి తర్వాత బొమ్మలవాళ్లు దాన్ని ఎత్తుకున్నారు. పికాసో అంతటివాడు 1950లలో, డెబ్బై దాటాక, కూర్చుని లినో విస్తారంగా చెక్కాడట. నలభై ఆరు ఒక లెక్కా మరి!

ఒక్క జాగ్రత్త. ఇప్పుడు మన ఊళ్లలో నేలకి పరుచుకునే ప్లాస్టిక్ షీటు వేరు, ఇది వేరు. బొమ్మల సామాను అమ్మేవాళ్ల దగ్గర లినో అని అడిగితేనే ఇస్తారు. మందం మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. అడుగున గోనెగుడ్డ కనిపిస్తే అసలు సరుకు.

మా అత్తయ్య దాన్ని చూడగానే, "ఏందమ్మే అది, చెప్పు అట్ట మాదిరి ఉండాదే" అంది. ఆ మాటా నిజమే.

ఇక పని. చెక్కకి నార ఉంటుంది, ఎదురు నారలో ఉలి పెడితే పెళ్లలు లేస్తాయి. లినోకి నార లేదు. అందుకే కొత్తవాళ్లకి ఇది సులువు. ఉలులు ముఖ్యంగా రెండు రకాలు. ముక్కోణంగా, 'వీ' ఆకారంలో ఉండేది సన్న గీతలకి. గుండ్రంగా, 'యూ' ఆకారంలో ఉండేది వెడల్పు గీతలకీ ఖాళీలు తోడెయ్యడానికీ. పిడి అరచేతిలో ఇమిడిపోతుంది. ఉలిని నిటారుగా పట్టుకోకూడదు. పలక మీదికి బాగా వాల్చి, ముందుకి తోస్తే కొబ్బరి కోరు లేచినట్టు సన్నటి చుట్ట లేస్తుంది. లోతు ఒక మిల్లీమీటరు చాలు. గోనెగుడ్డ కనబడేదాకా తవ్వక్కర్లేదు.

రెండోది, ఎడమ చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి, ముందు ఉండకూడదు. కత్తిపీట ముందు కూర్చుని నలభై ఏళ్లుగా కూరలు తరిగిన చేతులు మనవి. మనకి అలవాటు వేరు. కత్తిపీటకి కూరగాయ కదులుతుంది, కత్తి కదలదు. ఇక్కడ ఉలి కదులుతుంది. కాబట్టి ఈ ఒక్క నియమం మనసులో గట్టిగా పెట్టుకోవాలి. పలక జారకుండా ఒక చెక్క చేయించుకుంటే మంచిది. జానెడున్నర పలక తీసుకుని, ఒక అంచున పైకి ఒక బద్ద, రెండో అంచున కిందికి ఒక బద్ద మేకులు కొట్టిస్తే, కింది బద్ద బల్ల అంచుని పట్టుకుంటుంది, పై బద్ద లినోని ఆపుతుంది. మా వీధిలో వడ్రంగి ఐదు నిమిషాల్లో కొట్టిచ్చాడు.

మూడోది నాకు చాలా నచ్చిన కిటుకు. వంపు గీత చెక్కేటప్పుడు ఉలిని తిప్పరు, పలకని తిప్పుతారు. కుడిచెయ్యి ఉన్నచోటే ఉండి మెల్లగా ముందుకి తోస్తుంటే, ఎడమచెయ్యి కింద పలకని తిప్పుతూ పోతుంది. చుక్క పెట్టాలంటే 'యూ' ఉలిని నిలబెట్టి పలకని ఒక చుట్టు తిప్పితే గుండ్రటి చుక్క ఊడి వస్తుంది. మార్గశిరం చలికి పలక గట్టిపడితే పది నిమిషాలు ఎండలో అరుగు మీద పెట్టండి. మైసూరుపాకు వేడిమీద ముక్కలు కోసినట్టు ఉలి హాయిగా దిగుతుంది.

ఏం చెక్కాలి అన్నది అసలు ప్రశ్న. మాకు దగ్గర్లోనే నేలపట్టు ఉంది, చలికాలమంతా గూడబాతులు. పులికాట్ నీళ్లలో రాజహంసలు. అవి చెక్కుదామని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ చెక్కడంలో ఒక తిరకాసు ఉంది. మనం చెక్కి తీసేసిన చోట రంగు అంటదు, కాగితం తెల్లగా మిగులుతుంది. మిగిల్చిన చోటే రంగు పడుతుంది. అంటే తెల్ల కాగితం మీద నల్లటి సన్న గీత కావాలంటే, ఆ గీతకి రెండు పక్కలా ఉన్నదంతా తవ్వి, గీతని మాత్రం గట్టులా నిలబెట్టాలి. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లు టేకు చెక్క మీద చేసేది ఇదే. మన ఒంటి మీది చీరలో తీగ ఎంత సన్నగా ఉంటే, ఆ చెక్కినవాడు దాని చుట్టూ అంత ఓపిగ్గా తవ్వాడన్న మాట. శ్రీకాళహస్తి కలంకారీకి ఈ బాధ లేదు, అక్కడ కలంతోనే గీస్తారు.

నేర్చుకునేవాళ్లకి దీనికి తలకిందుల దారి ఒకటుంది. గీతనే చెక్కెయ్యడం. అప్పుడు నల్లటి నేల మీద తెల్ల గీత వస్తుంది. 1930లో గాంధీగారి ఉప్పు సత్యాగ్రహం అప్పుడు నందలాల్ బోస్ చేసిన బొమ్మ మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, చేతికర్ర పట్టుకుని నడిచిపోయే బాపూజీ. అది లినోకట్టే. నల్లని వెనకతలం మీద నాలుగు తెల్ల గీతలు, మనిషి మొత్తం అందులో ఉన్నాడు. అదే ఏడాది వచ్చిన రవీంద్రుడి పిల్లల వాచకం 'సహజ్ పాఠ్'కి కూడా ఆయన లినో బొమ్మలే వేశాడు. ఆ శాంతినికేతన్‌లో ఆయన దగ్గర చదువుకున్నవాడే మన కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, పారిస్ వెళ్లి, లోహపు రేకు మీద చెక్కి ఒకే రేకు నుంచి అనేక రంగులు ఒకేసారి అచ్చు తీసే పద్ధతికి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. 2018లో న్యూయార్కులో పోయాడు. పక్క జిల్లావాడి సంగతి నాకు ఈ వయసులో తెలిసింది.

సరే, నల్లటి నేల మీద తెల్ల గీత. మీకేం గుర్తొచ్చింది? నాకు మాత్రం పేడ అలికిన వాకిలి గుర్తొచ్చింది.

మా అత్తయ్య ముగ్గుల గురించి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. నేను ఈ ఇంటికి వచ్చి ఇరవై నాలుగేళ్లు. ధనుర్మాసం వచ్చిందంటే ఆ నెల రోజులూ వాకిలి ఆవిడది. నేను కళ్లాపి చల్లి పక్కకి తప్పుకోవడమే. ఒకరోజు వేసింది మర్నాడు వెయ్యదు. అన్నీ మెలికల ముగ్గులే, చుక్క చుట్టూ తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చే గీత. పుస్తకం లేదు, కాగితం లేదు. ఆవిడ అమ్మ నుంచి చేతికి వచ్చాయి, చేతిలోనే ఉన్నాయి.

రెండేళ్లుగా ఆ చెయ్యి వణుకుతోంది. నరాల డాక్టరు మందులిచ్చారు, కొంత తగ్గింది, పోలేదు. పోయిన ఏడు నెలబట్టిన రోజు పిండి గిన్నె తీసుకుని వాకిట్లోకి వెళ్లి, రెండు వరసల చుక్కలు పెట్టి, గిన్నె నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది. "నా చెయ్యి నా మాట ఇనడంలేదు మే" అంది. అంతే. ఆ నెలంతా మళ్లీ వాకిట్లోకి రాలేదు. నేనేవో పువ్వులూ ముగ్గుగొట్టం గీతలూ వేశాను. ఎవరూ ఏమీ అనలేదు కానీ వీధిలో పోయే ఆడవాళ్లు మా వాకిటి దగ్గర ఆగడం మానేశారు.

అందుకని ఈసారి దసరా వెళ్లగానే అత్తయ్యని అడిగాను, ఆ ముగ్గులు నాకు చెప్పమని. తీరా కూర్చుంటే ఆవిడ చెప్పలేకపోయింది. "ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు దాకా" అని వరసలు చెబుతుంది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు, మళ్లీ ఆరు, ఐదు, నాలుగు, మొత్తం ముప్పై ఏడు చుక్కలు. నేను పెడతాను. తర్వాత? "తర్వాత తిప్పాల." ఎటు తిప్పాలి? "చెయ్యి పెడితే వస్తాది, నోటితో రాదు." ఆ మాటకి ఆవిడకే విసుగొచ్చి లేచిపోయింది రెండుసార్లు.

మూడోనాడు ఒక పళ్లెంలో బియ్యప్పిండి పల్చగా పరిచి ఆవిడ ముందు పెట్టాను. వేలితో చుక్కలు గుచ్చి, "తిప్పండి అత్తయ్యా, బాగా రావక్కర్లేదు" అన్నాను. వేలు పెట్టింది. గీత వంకర్లు పోయింది, చుక్కల మీద నుంచి కూడా పోయింది. కానీ నేను గీతని చూడలేదు, వేలు ఏ చుక్కకి ఏ పక్కగా తిరిగిందో అది మాత్రం చూశాను. ఇక్కడ లోపలికి, ఇక్కడ బయటికి, ఈ రెంటినీ చుట్టి వెనక్కి. ఆ దారిని పక్కనే గళ్ల కాగితం మీద పెన్సిలుతో రాసుకున్నాను. పిండి సర్ది మళ్లీ వేయించాను. మూడుసార్లూ దారి ఒకటే! చెయ్యి వణికింది గానీ దారి మర్చిపోలేదు.

అలా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు, అంట్లయ్యాక, పాలవాడు వచ్చే లోపల, రోజుకి కొంత. కాగితం మీద ముగ్గు కుదిరాక పలక మీదికి దించడం. పలకకి ముందు ఎర్ర స్కెచ్ పెన్నుతో పల్చగా రంగు రుద్దుతాను, అప్పుడు చెక్కిన చోటు లేతగా తేలి కనబడుతుంది. దాని మీద కార్బన్ కాగితం పెట్టి ముగ్గు దిద్దుతాను. అచ్చులో బొమ్మ ఎడమది కుడికి తిరగబడుతుంది కదా, అక్షరాలు చెక్కాలంటే అన్నీ అద్దంలోలా రాయాలి. మన తెలుగులో సున్న తప్ప ఎటు తిప్పినా ఒకేలా ఉండే అక్షరం వెతుక్కోవాలి. తలకట్లన్నీ ఎడమకి వాలిపోతాయి. ముగ్గుకి ఆ గొడవ లేదు. నాలుగు పక్కలా ఒకేలా ఉండే ముగ్గు తిరగబడినా ముగ్గే. అన్ని విధాలా లినో నేర్చుకునేవాళ్లకి మన ముగ్గు కంటే మంచి మొదటి పాఠం లేదని నా నమ్మకం. సన్న 'వీ' ఉలితో ఒకే గీత, ఏ చుక్క దగ్గర వంపు తిరిగినా పలకని తిప్పుకుంటూ పోవడమే. చెక్కడం అయ్యాక పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది చూస్తే ఎక్కడ ఇంకా తియ్యాలో తెలిసిపోతుంది.

అచ్చు తీయడానికి ఒక నున్నటి గచ్చు టైలు, ఒక రబ్బరు రోలరు, రంగు. టైలు మీద కాస్త రంగు వేసి రోలరుతో అటూ ఇటూ పరుస్తుంటే మొదట పచక్ పచక్‌మంటుంది. పల్చబడ్డాక పోపులో ఆవాల చిటపట మాదిరి సన్నటి చిరచిర వినిపిస్తుంది. ఆ చప్పుడు వచ్చాకే పలక మీదికి తేవాలి. రంగు చిక్కగా ఉంటే సన్న గీతలు పూడిపోతాయి. పల్చగా నాలుగుసార్లు పూయడం మేలు. నీటి రంగైతే కడగడం సులువు, కానీ మన ఎండకి చిటికెలో ఆరిపోతుంది. నూనె రంగు నిదానం, తుడవడానికి వంటనూనె చాలు. కాగితం మరీ మందం వద్దు. పైన పెట్టి స్టీలు గరిటె వీపుతో మధ్యలోంచి అంచులకి చిన్న చిన్న చుట్లుగా రుద్దాలి. ఒక మూల ఎత్తి చూసుకోవచ్చు, మిగతాది కదలకుండా పట్టుకుంటే చాలు.

మొదటి ముగ్గు రంగు పూసి కాగితం వేశాక గరిటె అత్తయ్య చేతికిచ్చాను. వద్దంది. "పాడైపోతాది." పాడవదని చెప్పాను. కాగితం రెండు పక్కలా నేను పట్టుకున్నాను, ఆవిడ రుద్దింది. చెయ్యి వణుకుతూనే ఉంది, గరిటె టకటకలాడుతూనే ఉంది. ఐదారు నిమిషాలు. తర్వాత కాగితాన్ని ఆవిడే మెల్లగా లేపింది.

ఏడు చుక్కల ముగ్గు. గీత ఎక్కడా వణకలేదు.

గీత పలకలో ఉంది కాబట్టి రుద్దే చెయ్యి వణికినా దానికేం కాదు, అది నాకు తెలుసు. ఆవిడకి తెలియదు. కాగితం వెలుతురులో పెట్టుకుని ఒక్కో చుక్కా లెక్కపెట్టింది. ముప్పై ఏడూ ఉన్నాయా అని కాబోలు. "ఇంకోటి తియ్యి" అంది.

అందరూ ఒప్పుకున్నారని కాదు. మా ఆయన "ఇవి అమ్ముతావా?" అన్నారు. ముగ్గు ఎవరైనా అమ్ముతారా అన్నాను. అత్తయ్య అన్న మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. అచ్చులు తీగ మీద ఆరేసి ఉన్నాయి. చూసి చూసి, "తుడిచేస్తేనే గదా మళ్లా యేసేది. ఇది తుడిస్తే పోదు. రేపు ఇంకేం యేస్తావు?" అంది. దానికి నేనేం చెప్పలేదు, ఆవిడ అన్నదాంట్లో నిజముంది. పొద్దున వేసింది సాయంత్రానికి కాళ్ల కింద పోతుంది కాబట్టే ఏటా ముప్పై రోజులు ఆ చెయ్యి పనిచేసింది. గోడకి తగిలించుకుంటే చెయ్యి ఊరుకుంటుంది. అందుకే ఈ ధనుర్మాసంలో నాకొక నియమం పెట్టుకున్నాను. పలక మీద చెక్కిన ప్రతి ముగ్గునీ మర్నాడు పొద్దున వాకిట్లో పిండితో కూడా వెయ్యాలి. చెక్కిన దారి వేళ్లకి గుర్తుంటుందని అప్పుడే తెలిసింది. ముగ్గు చూసి వెయ్యడం కంటే చెక్కి వెయ్యడం సులువు. మళ్లీ మా వాకిటి దగ్గర ఆడవాళ్లు ఆగుతున్నారు. అత్తయ్య గడపలో కుర్చీ వేసుకుని కూర్చుని, "ఆడ సందు ఎక్కువైంది" అంటోంది.

సంక్రాంతి నాటికి ఏడు ముగ్గులయ్యాయి. ఒక్కోదానికి నాలుగేసి అచ్చులు. ప్రతి దాని కింద చుక్కల లెక్క పెన్నుతో రాశాను. ఒక వరస చెన్నైలో ఉన్న మా అమ్మాయికి పంపాను. నాలుగో అంతస్తు ఫ్లాటు, దానికి వాకిలీ లేదు, అలికే నేలా లేదు. తలుపుకి అంటించానని ఫొటో పంపింది.

ఎనిమిదోది మాత్రం రాలేదు. అది అత్తయ్య వాళ్ల అమ్మ రథసప్తమికి వేసే ముగ్గట. ఏడు చుక్కలు, ఎదురు చుక్క, ఒకటి వరకు, మొత్తం ఇరవై ఐదు. పిండి పళ్లెంలో ఎన్నిసార్లు మొదలుపెట్టినా వేలు మూడో వరస దాకా వచ్చి ఆగిపోతుంది. ఒకరోజు అటు తిప్పుతుంది, ఒకరోజు ఇటు. నాకు తోచినట్టు కలిపి గీసి చూపిస్తే గీత కుదిరింది, ప్రతి చుక్కా లోపలికి వచ్చింది, అత్తయ్య మాత్రం తల అడ్డంగా ఊపింది. "బాగుండాది. మా అమ్మది గాదు."

ఆ పలక మీద ఇరవై ఐదు చుక్కలే చెక్కాను. గీత చెక్కలేదు. చుక్కలు మాత్రమే అచ్చు తీసి మిగతా వాటితో పాటే పెట్టాను. కోట వైపు అత్తయ్య పుట్టింటివాళ్లలో పెద్దవాళ్లు ఇంకా ఇద్దరున్నారు. రథసప్తమి లోపల ఒకసారి పిండి పళ్లెం తీసుకుని అత్తయ్యని వెంటబెట్టుకుని వెళ్లి రావాలి.

మీ ఇళ్లలో కూడా అమ్మలూ అత్తయ్యలూ నాయనమ్మలూ ఉంటారు. లినో కొనమని అనను. ఒక పళ్లెం, దోసెడు బియ్యప్పిండి చాలు. నోటితో చెప్పమనకండి. వేలు పెట్టమనండి, మీరు పక్కన కూర్చుని అది ఎటు తిరుగుతోందో చూడండి. ఏడు చుక్కలు, ఎదురు చుక్క, ఒకటి వరకు, నడుమ ఎక్కడా తెగని మెలిక. అది మీలో ఎవరింటి చేతిలోనైనా ఉంటే నాకు చెప్పండి.